తప్పులు వెతికే ఊరు!

ఇక్కడ తయారైన మాత్రను మింగేది ఎక్కడో సముద్రాల అవతల. ఇక్కడ దాచిన విత్తనం మొలకెత్తేది మరెక్కడో ఆఫ్రికాలో. వాటికి 'పర్వాలేదు, పంపొచ్చు' అని చెప్పేవాళ్లు మాత్రం పటాన్‌చెరు, సంగారెడ్డి దారిలోనే ఉంటారు. పేరు బయటికి రాని ఆ మనుషుల కథే ఈ పారిశ్రామికవాడ కథ.

తెల్లారకముందే ముంబయి రహదారి నిద్ర లేస్తుంది. మియాపూర్ దాటితే చాలు... కంపెనీ బస్సులు వరుస కడతాయి. రామచంద్రాపురం, పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది... ప్రతి చౌరస్తాలో టిఫిన్ బండ్ల చుట్టూ యూనిఫాం వేసుకున్న జనం. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టిఫిన్ డబ్బా. ఒడియా, హిందీ, తెలుగు... అన్నీ ఒకే టీ కొట్టు దగ్గర వినిపిస్తాయి.

ఫ్యాక్టరీల ఊరు కదా అని దీన్ని కొత్త ఊరనుకుంటే పొరపాటే. కల్యాణి చాళుక్యుల కాలంలో పొట్టలకెరెగా వెలిగిన నగరం ఇదేనంటారు చరిత్రకారులు. పేరులోనే చెరువుంది. సాకి చెరువు ఇప్పటికీ ఊరినానుకునే ఉంది. చెరువు కింద సేద్యంతో బతికిన ఈ ప్రాంతం ముఖచిత్రం అరవయ్యో దశకంలో రామచంద్రాపురానికి బీహెచ్‌ఈఎల్ రావడంతో మారడం మొదలైంది. డెబ్బయ్యో దశకంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఎనభయ్యో దశకంలో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం వచ్చాయి. సదాశివపేట వైపు వెళితే టైర్ల ఫ్యాక్టరీ. ఇక మందుల కంపెనీలైతే చెప్పనక్కర్లేదు.

పచ్చ చీటీ పడితేనే...

ఏ ఫ్యాక్టరీలోనైనా సరుకు తయారుచేసేవాళ్లు ఒక ఎత్తు. అందులో తప్పులు వెతికేవాళ్లు ఇంకో ఎత్తు. అందరూ 'క్యూసీ' అని పిలిచే క్వాలిటీ కంట్రోల్ విభాగం వాళ్లదే.

మందుల కంపెనీకి ముడిసరుకు రాగానే నేరుగా యంత్రాల దగ్గరికి పోదు. ముందు విడిగా పెడతారు. డ్రమ్ముల మీద 'పరీక్షలో ఉంది' అని పసుపు చీటీ అంటిస్తారు. క్యూసీ కెమిస్టు వచ్చి నమూనా తీసుకెళ్లి పరీక్షిస్తాడు. నెగ్గితే పచ్చ చీటీ, లేదంటే ఎర్ర చీటీ. తయారైన మాత్రకూ ఇదే తంతు. అందులో మందు ఎంతుంది, మలినాలు ఎంతున్నాయి, కడుపులోకెళ్లాక ఎంతసేపట్లో కరుగుతుంది... అన్నీ చూడాలి.

అంతటితో అయిపోదు. 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గదుల్లో మాత్రల్ని ఆరు నెలల పాటు ఉంచుతారు. రెండు మూడేళ్లలో రాబోయే మార్పు ముందే తెలుసుకోవడానికి ఈ ఏర్పాటు. ప్రతి బ్యాచ్ నుంచీ కొన్ని నమూనాలు తీసి, గడువు తేదీ దాటిన తర్వాత కూడా దాచిపెడతారు. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే మళ్లీ తీసి చూడటానికన్నమాట! చేసిన ప్రతి పనినీ అప్పటికప్పుడు రాయాలి. రాయనిది జరగనట్టే... ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు నేర్చుకునే మొదటి పాఠమిది.

ఇలాంటి ఉద్యోగం ఆటల్లోనూ ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్ జట్లలో 'క్వాలిటీ కంట్రోల్ కోచ్' అని ఉంటాడు. మైదానంలో కెమెరాలన్నీ ప్రధాన కోచ్ వైపే తిరుగుతాయి. ఇతను మాత్రం రోజంతా చీకటి గదిలో కూర్చుని పాత మ్యాచ్‌ల వీడియోలు చూస్తాడు. ఎదుటి జట్టు ఏ పరిస్థితిలో ఏ ఎత్తు వేస్తోందో లెక్క రాస్తాడు. అంతకన్నా ముఖ్యమైన పని ఇంకోటుంది. సొంత జట్టు ఆటనూ అంతే కఠినంగా చూడటం. మన అలవాటేదో ప్రత్యర్థి కనిపెట్టకముందే మనం కనిపెట్టాలి. పటాన్‌చెరు ల్యాబులో కెమిస్టు చేసే పని సారాంశమూ అదే... మన తప్పును పైవాడి కన్నా ముందు మనమే పట్టుకోవడం.

విత్తనానికీ పరీక్షే

ఫ్యాక్టరీల పొగ మధ్యలో ఒక పచ్చటి ప్రపంచం ఉంది. 1972లో ఏర్పాటైన ఇక్రిశాట్. ఎర్రనేలలూ నల్లరేగళ్లూ ఒకే ఆవరణలో ఉండటం దీని ప్రత్యేకత. లోపలి చెరువుల దగ్గర పక్షుల సందడి.

అక్కడి జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల రకాలు 1.25 లక్షలకు పైగా ఉన్నాయి. 140కి పైగా దేశాల నుంచి సేకరించినవి. కొన్నింటిని 4 డిగ్రీల చల్లదనంలో, దీర్ఘకాలం ఉంచాల్సినవాటిని బాగా ఆరబెట్టి, పొట్లాల్లో కట్టి మైనస్ 20 డిగ్రీల్లో దాస్తారు.

దాచేసి తాళం వేస్తే సరిపోదు. గింజ లోపల ప్రాణం ఉందో లేదో కొన్నేళ్లకోసారి చూస్తుండాలి. కొన్ని గింజల్ని తీసి తడి కాగితం మీద పెట్టి, ఎన్ని మొలకెత్తాయో లెక్కపెడతారు. పెట్టుకున్న హద్దు కన్నా తగ్గాయంటే ఆ రకాన్ని మళ్లీ పొలంలో వేసి కొత్త గింజలు తీయాల్సిందే. లెక్క తప్పితే ఎక్కడో ఒక రైతు తాతలనాటి విత్తనం శాశ్వతంగా పోయినట్టే. ఇంత జాగ్రత్తలోనూ ఇంకో జాగ్రత్త... ఇక్కడి రకాల్లో లక్షకు పైగా నమూనాలను ఉత్తర ధ్రువం దగ్గర నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన ఖజానాకు పంపారు.

నక్కవాగుకు చీటీ ఏదీ?

ఇంత నిఘా ఉన్న ఊళ్లో ఒక్క విషయం మాత్రం చాలాకాలం ఎవరి పరీక్షకూ అందలేదు. నీళ్లు!

పటాన్‌చెరు చుట్టుపక్కల వాననీటిని మోసుకుంటూ నక్కవాగు మంజీరలో కలుస్తుంది. ఒకప్పుడు దాని ఒడ్డున వరి పండేది. ఫ్యాక్టరీల వ్యర్థాలు చేరాక వాగు రంగు మారింది, బావుల్లో నీళ్ల రుచి మారింది. 1990లో విషయం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. పటాన్‌చెరుకు చెందిన డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు దశాబ్దాలపాటు పోరాడారు. కోర్టుల ఆదేశాలతో రైతులకు పరిహారం, పల్లెలకు తాగునీళ్లు వచ్చాయి. వ్యర్థాల్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం కూడా ఏర్పాటైంది.

అసలు దెబ్బ 2007లో తగిలింది. స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు అక్కడికి వచ్చేవి. శుద్ధి అయిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. వాళ్ల లెక్క ప్రకారం రోజుకు 45 కిలోలు... స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడే మందు! ఇలాంటి నీటిలో బతకడం నేర్చుకున్న బ్యాక్టీరియాకు రేపు మందు పనిచేయదు. ప్రాణం కాపాడాల్సిన మాత్ర ఉత్త బిళ్లవుతుంది. పటాన్‌చెరు పేరు ప్రపంచమంతా మారుమోగింది.

మాత్రలో మిల్లీగ్రాము తేడా వస్తే పట్టుకునే ఊరు ఇది. వాగులో కిలోలకొద్దీ పోతుంటే చెప్పడానికి పైవాడు రావాల్సి వచ్చింది. కారణం కష్టమైందేమీ కాదు. మాత్రకు కొలత ఉంది, తప్పితే ఎర్ర చీటీ ఉంది. వ్యర్థజలాల్లో యాంటీబయోటిక్ ఎంత ఉండొచ్చో చెప్పే కొలతే లేదు. 2020 జనవరిలో కేంద్రం ముసాయిదాలో పరిమితులు పెట్టింది. 2021 తుది నిబంధనల్లో అవి కనిపించలేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ప్రకటించింది.

మనిషి సంగతీ అంతే. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు 40 మందికి పైగా కార్మికుల్ని బలి తీసుకుంది. చాలామంది పొట్టచేతపట్టుకుని వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. బ్యాచ్ మీద చీటీ చూసినంత శ్రద్ధగా, ఆ బ్యాచ్ తయారుచేసే మనిషి భద్రతనూ రోజూ చూడాలని ఆ రోజు గుర్తుచేసింది.

సాయంత్రం షిఫ్టు వదిలాక బస్సులు మళ్లీ రోడ్డెక్కుతాయి. పొద్దుటి నుంచి తప్పులు వెతికి అలసిన కళ్లు కిటికీకి ఆనుకుంటాయి. వాళ్ల పిల్లలు తాగేవి ఈ నేల నీళ్లే, పీల్చేది ఈ గాలే. తప్పు పట్టుకునే విద్య ఈ ఊరికి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. డ్రమ్ము మీద, విత్తనం పొట్లం మీద చూపిస్తున్న ఆ పట్టుదల గేటు దాటి వాగు దాకా వస్తే చాలు. నక్కవాగుకూ ఏదో ఒకరోజు పచ్చ చీటీ పడుతుంది!