గాలికోసం... రామేశ్వరం!

రామేశ్వరం అనగానే మనకు గుర్తొచ్చేవి రామనాథస్వామి గుడి, పొడవాటి మండపాలు, ఇరవై రెండు తీర్థాల స్నానాలు. ఆ దీవికి మరో రకం యాత్రికులూ వస్తుంటారు. వాళ్లకు ముహూర్తం పెట్టేది పంచాంగం కాదు... గాలి!

జూన్, జులై నెలల్లో గోవా వెళ్తే ఏముంటుంది? ఎడతెగని వాన, సముద్రంలోకి దిగొద్దంటూ ఎర్రజెండాలు. పర్యటకుల భాషలో అది ఆఫ్ సీజన్. సరిగ్గా అదే సమయంలో ధనుష్కోడి దారిలోని ఇసుకతిన్నెల మీద నిలబడితే ఆకాశంలో రంగురంగుల గాలిపటాలు కనిపిస్తాయి. ఒక్కోటీ చిన్న గది అంత! దాని తాళ్ల చివర ఓ మనిషి, ఆ మనిషి కాళ్లకింద ఓ పలక. నీళ్లమీద రివ్వున జారిపోతూ, ఉన్నట్టుండి గాల్లోకి లేచి, మళ్లీ మెత్తగా నీళ్లమీద వాలతాడు. అదే కైట్ సర్ఫింగ్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు దక్కించుకున్న ఆట. పలకకే తెరచాప బిగించి నడిపే విండ్ సర్ఫింగ్ దీనికి అన్నలాంటిది. అది 1984 నుంచే ఒలింపిక్స్‌లో ఉంది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన ఇబాద్ అలీ కాంస్యం గెలిచింది అందులోనే.

వాన అక్కడ... గాలి ఇక్కడ

రెండు ఆటలకూ పెట్రోలు గాలే. 12 నుంచి 25 నాట్స్, అంటే గంటకు సుమారు 22 నుంచి 46 కిలోమీటర్ల వేగం ఉండాలి. తగ్గితే గాలిపటం నీళ్లలో పడుతుంది. మరీ పెరిగితే మనిషినే ఎత్తుకుపోతుంది. వేగం ఒక్కటే ఉంటే చాలదు, నిలకడ కావాలి. ఉండుండి విసిరికొట్టే గాలి పనికిరాదు.

ఆ నిలకడ రామేశ్వరానికి ఎలా వచ్చిందో తెలియాలంటే ఓసారి మ్యాపు చూడాలి. పడమటి కనుమలు కన్యాకుమారి దగ్గర ముగుస్తాయి. ఇటు చూస్తే శ్రీలంక కొండలు. నైరుతి రుతుపవనాలు రాగానే కనుమలు మేఘాలను అడ్డుకుని వానంతా కేరళ వైపే కురిపించేస్తాయి. గాలి మాత్రం కొండల చివరి నుంచీ, రెండు కొండల వరసల నడుమనున్న సముద్రం మీదుగానూ దూసుకొస్తుంది. ముప్పందల్ దగ్గర వందలకొద్దీ గాలిమరలు తిరిగేదీ ఆ చలవతోనే. అందుకే ఆ నెలల్లో రామనాథపురం జిల్లాకు వాన అంతంతమాత్రం, గాలి మాత్రం పుష్కలం. అక్కడి అసలు వానాకాలం అక్టోబరులో మొదలవుతుంది.

మన హైదరాబాద్‌దీ ఇలాంటి లెక్కే. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలు ఏటా జులైలో పెట్టేది ఆ సమయంలో వీచే రుతుపవనాల గాలి కోసమే.

మగ సముద్రం... ఆడ సముద్రం

దీవికి దక్షిణాన మన్నారు సింధుశాఖ, ఉత్తరాన పాక్ జలసంధి. స్థానికులు మొదటిదాన్ని మగ సముద్రమనీ, రెండోదాన్ని ఆడ సముద్రమనీ అంటారు. ఒకటి ఎగసిపడుతుంది, ఇంకోటి చెరువులా ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు వరకూ వీచే గాలికి దక్షిణపు సముద్రం అలలెత్తితే ఉత్తరపు నీళ్లు కదలకుండా ఉంటాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకూ గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. అప్పుడు పాత్రలు తారుమారు! నడుమ ఉన్నది సన్నటి ఇసుకపట్టీయే కాబట్టి గాలిని బట్టి ఈ ఒడ్డు కాకపోతే ఆ ఒడ్డు. ఒక్క ఊరికి ఏడాదిలో రెండు సీజన్లు ఉండటం చిన్న విషయమేమీ కాదు. శ్రీలంకలోని కల్పిటియాకూ ఇదే అదృష్టం. సొంత ఊళ్లో చలికి వణికే ఐరోపా ఆటగాళ్లు ఇటువైపు చూసేది అందుకే.

మరి మనం ఎప్పుడు వెళ్లాలి? మార్చి, ఏప్రిల్ నెలలు గాలి దిక్కు మార్చుకునే సమయం. అక్టోబరు, నవంబరుల్లో వానలు, తుపాన్ల భయం. కాబట్టి దసరా సెలవులకన్నా సంక్రాంతి సెలవులే నయం. మేడమీద పతంగి ఎగరేసే రోజుల్లో అక్కడ సముద్రం మీద ఎగరేస్తుంటారన్నమాట!

ఒకే గాలి... రెండు ముఖాలు

ఆటగాడు పండగ చేసుకునే గాలి జాలరికి పస్తు. సముద్రం మీద గాలి బాగా ముదిరితే రామేశ్వరంలో మత్స్యశాఖ వేటకు టోకెన్లు ఇవ్వదు. పడవలన్నీ లంగరేసుకుని ఒడ్డునే ఊగుతుంటాయి. ఆ రోజు కూలీ గాల్లో కలిసినట్టే. పాత పాంబన్ వంతెన మీదైతే గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే రైలుకు ఎర్ర సిగ్నల్ పడేది.

ఆ జాగ్రత్త ఎందుకో ధనుష్కోడి శిథిలాలే చెబుతాయి. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపానుకు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలు వంద మందికి పైగా ప్రయాణికులతో సహా అలల్లో కలిసిపోయింది. మొండిగోడల చర్చి, స్టేషన్ ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటి పక్కనే పాకలు వేసుకుని బతుకుతున్న జాలరి కుటుంబాలూ ఉన్నాయి.

కాబట్టి నేర్చుకోవాలనుకునేవాళ్లు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. చెరువులా కనిపించే ఒడ్డే ఎక్కువ మోసం చేస్తుంది. అక్కడ గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. పట్టు తప్పితే ఒడ్డుకు తేవడానికి అలలుండవు, లోపలికి తోసే గాలి తప్ప. అటు చూస్తే తలైమన్నార్ ముప్ఫై కిలోమీటర్లే, మధ్యలోనే దేశ సరిహద్దు! అందుకే కొత్తవాళ్లకు నడుములోతు మడుగుల్లో, శిక్షకుడి కళ్లముందే నేర్పుతారు. మొదట ఒడ్డున చిన్న గాలిపటం తిప్పడం, తరవాతే నీళ్లు. ఒంటరిగా దిగడం మాత్రం వద్దు. చలికాలంలో ఆ మడుగులకు రాజహంసలు కూడా వస్తాయి. 2025లో తమిళనాడు ప్రభుత్వం ధనుష్కోడిలో వాటికోసం అభయారణ్యాన్ని ప్రకటించింది. వాటి దరిదాపుల్లో గాలిపటాలు ఎగరేయకపోవడం మర్యాద.

ఎలా వెళ్లాలి?

మదురై నుంచి రోడ్డు మార్గంలో రామేశ్వరం సుమారు 170 కిలోమీటర్లు. 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొత్త పాంబన్ వంతెన మీదుగా రైళ్లూ నడుస్తున్నాయి. రామేశ్వరం నుంచి ధనుష్కోడికి దాదాపు 20 కిలోమీటర్లు. చివరనున్న అరిచల్‌మునై దాకా తారురోడ్డు ఉంది. సాయంత్రం చీకటి పడకముందే వెనక్కి రావాలి. ఆట ఆడకపోయినా ఫర్వాలేదు. పిల్లల్ని అక్కడ నిలబెట్టి రెండు సముద్రాలనూ చూపించండి, ఏది మగదో ఏది ఆడదో వాళ్లే చెప్పేస్తారు. టికెట్లు తీసుకునేముందు గుడి వేళలతోపాటు గాలి ఎటునుంచి వీస్తోందో కూడా కాస్త చూసుకోండి!