కొండ అక్కడ, పద్దు ఇక్కడ

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే పాసింజర్ రైలు ఎక్కేవారికి ముందుగా ఉండాల్సింది ఓపిక. అరకు, కోరాపుట్, జగ్‌దల్‌పూర్ మీదుగా సాగే ఆ ప్రయాణంలో మా బండి చిన్న చిన్న స్టేషన్లలో పదేపదే ఆగింది. ప్రతిసారీ కారణం ఒకటే. ఎదురుగా ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు వస్తోంది, దానికి దారి ఇవ్వాలి.

ఎదురు సీట్లోని పెద్దాయన శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే బైలదిలా గనుల్లో పనికి వచ్చి, రిటైరయ్యాక అక్కడే ఉండిపోయిన కార్మికుడు. నేను మాటిమాటికీ వాచీ చూసుకుంటుంటే నవ్వారు. “ఈ లైను మనకోసం వేసింది కాదు బాబూ. నిండు బండి కిందికి దిగాలి, ఖాళీ బండి పైకెక్కాలి. మధ్యలో సందు దొరికితే మనం” అన్నారు.

ఆయన అన్నది నిజమే. 1960లలో జపాన్‌కు ఖనిజం పంపడానికే ఈ మార్గం వేశారు. ఎద్దు మూపురంలా కనిపిస్తుంది కనుక బైలదిలా అని పేరు పడిన ఆ కొండల్లో 1968లో తవ్వకాలు మొదలయ్యాయి. అప్పటి నుంచీ ఖనిజం కిందికి దిగుతూనే ఉంది.

ఏది పోతోంది, ఏది తిరిగొస్తోంది అనే లెక్క కోసమే నేనూ బయల్దేరాను. అంతకు కొన్ని నెలల ముందు కేంద్ర నిధుల పంపిణీపై ఒక కథనం రాశాను. అందులో ఒక పట్టిక వేశాను. ఒక వైపు కేంద్రానికి ఇచ్చే రాష్ట్రాలు, రెండో వైపు పుచ్చుకునే రాష్ట్రాలు. తెలంగాణ మొదటి వరుసలో, ఛత్తీస్‌గఢ్ రెండో వరుసలో. రాజనీతి శాస్త్రంలో పీజీ చేసినవాణ్ణి కనుక 280వ అధికరణం దగ్గర నుంచి అన్నీ పొల్లుపోకుండా చెప్పాననే నమ్మకం ఉండేది. మెచ్చుకుంటూ ఫోన్లూ వచ్చాయి. మన రూపాయి ఎవరో తింటున్నారంటే ఎవరికి మాత్రం ఆసక్తి ఉండదు?

ఆ కథనంలోని ఆవేదన అబద్ధమేమీ కాదు. పంచుకునే పన్నుల్లో రాష్ట్రాల వాటాను 14వ ఆర్థిక సంఘం 32 శాతం నుంచి 42 శాతానికి పెంచింది. 15వ సంఘం దాన్ని 41 శాతంగా ఉంచింది. అయితే ఆ రెండు సంఘాల మధ్య ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 శాతం నుంచి 4.047కు, తెలంగాణ వాటా 2.437 నుంచి 2.102కు పడిపోయాయి. ఛత్తీస్‌గఢ్‌ది 3.080 నుంచి 3.407కు పెరిగింది. పైగా కేంద్రం వసూలు చేసే సెస్సులు, సర్‌చార్జీలు ఈ పంపకంలోకే రావు. ఇవన్నీ పట్టికలో ఉన్నాయి. లేనిదేమిటో ఆ పెద్దాయనే చెప్పారు.

“హైదరాబాదా మీది? మా హెడ్డాఫీసు అక్కడే కదా, మాసాబ్ ట్యాంకు దగ్గర!”

ఎన్‌ఎండీసీ భవనం ముందు నుంచి నేను ఎన్నోసార్లు వెళ్లాను. ఆ సంస్థకు కర్ణాటకలోనూ గనులున్నాయి గానీ తవ్వే ఖనిజంలో ఎక్కువ భాగం బైలదిలాదే. లాభంపై ఆదాయపు పన్ను మాత్రం హైదరాబాద్‌లో కడుతుంది. రాష్ట్రాలవారీ వసూళ్ల లెక్క పన్ను ఎక్కడ కట్టారో చెబుతుందే తప్ప, ఆ లాభం ఏ కొండలోంచి వచ్చిందో చెప్పదు. అంటే ఈ బళ్లలో దిగిపోతున్న కొండలో కొంత భాగం నా పట్టికలో తెలంగాణ ‘ఇచ్చింది’ కింద చేరిపోయింది. ఆ కొండ ఉన్న రాష్ట్రాన్ని ‘పుచ్చుకునేది’ అని నేనే రాశాను. మిగిలిన ప్రయాణమంతా ఆ మాటే నన్ను గుచ్చింది.

ఛత్తీస్‌గఢ్‌కు రాయల్టీ రాదా అంటే వస్తుంది. కానీ రేటు నిర్ణయించేది కేంద్రం. 2009 దాకా అది టన్నుకు ఇన్ని రూపాయలని ఉండేది. ఎంత మేలు రకమైనా 27 రూపాయలు మించలేదు. ఖనిజం ధర ఆకాశానికి అంటిన రోజుల్లోనూ అంతే. 2009లో అమ్మకం ధరలో 10 శాతం, 2014లో 15 శాతం చేశారు. రాయల్టీ పన్ను కాదనీ, ఖనిజ హక్కులపై రాష్ట్రాలు పన్ను వేసుకోవచ్చనీ సుప్రీంకోర్టు తేల్చింది 2024లో.

అంతవరకూ నా సానుభూతి రాష్ట్రం మీదే. దంతెవాడ దాటి ఒక గోండు పల్లెకు వెళ్లాక అదీ చాలదని తెలిసింది. పక్కనే పారే వాగు నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఢిల్లీ ఒక సూత్రం ప్రకారం రాష్ట్రాలకు డబ్బు పంచుతుందని నేను హిందీలో చెబితే బడిపంతులు గోండీలోకి మార్చారు. ఊరి పెద్ద కాసేపు ఆలోచించి ఒకటే అడిగాడు: “ఆ లెక్కలో మా ఊరు ఉందా?”

ఊరు లేదు. ఊరి అడవి ఉంది. 15వ ఆర్థిక సంఘం సూత్రంలో తలసరి ఆదాయంలో వెనుకబాటుకు 45 శాతం, విస్తీర్ణానికి 15, అడవులకు 10 శాతం ప్రాధాన్యమిచ్చారు. ఉమ్మడి బస్తర్ జిల్లా కేరళ కన్నా పెద్దది. 1998లో మొదలైన విభజనతో ఇప్పుడు ఏడు జిల్లాలైంది. దాని పేదరికం, వైశాల్యం, అడవి మూడూ ఛత్తీస్‌గఢ్‌కు మార్కులు తెస్తాయి. ఆ మార్కులకు వచ్చే డబ్బు చేరేది రాయపూర్ ఖజానాకు. అక్కడి నుంచి అందులో బస్తర్‌కు ఎంత రావాలో ఆ సూత్రం చెప్పదు.

నేరుగా జిల్లాలకే ఇచ్చే ప్రయత్నాలు జరగకపోలేదు. 2010లో వచ్చిన సమగ్ర కార్యాచరణ ప్రణాళిక ఎంపిక చేసిన జిల్లాలకు మొదటి ఏడాది 25 కోట్ల రూపాయల చొప్పున ఇచ్చింది. ఎలా ఖర్చు పెట్టాలో నిర్ణయించింది కలెక్టరు, ఎస్పీ, జిల్లా అటవీ అధికారి. 2015లో చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజులైతే రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని అదనంగా ఆ నిధికి జమచేయాలి. డబ్బు రాజధాని దాటి జిల్లా కేంద్రం దాకా వచ్చింది. అక్కడి నుంచి ఎర్రనీళ్ల వాగు దాకా రావడమే మిగిలింది. ఐదో షెడ్యూలు ప్రాంతంలో గ్రామసభకు పెద్దపీట వేసిన పీసా చట్టం వచ్చింది 1996లో. డబ్బు గురించి మొదట అడగాల్సింది ఆ సభనే.

దక్షిణాది తన వాటా కోసం కొట్లాడటం తప్పని ఇప్పటికీ అనను. ఆ కొట్లాటకు నేను ఇచ్చిన పట్టిక మాత్రం తప్పు. అచ్చయిన దాన్ని దిద్దలేను. ఈసారి వేస్తే, సంపద ఎక్కడ పుట్టిందో చూపడానికి ఒక గడి, చివరి రూపాయి ఎక్కడ ఆగిందో చూపడానికి ఇంకో గడి పెడతాను.

తిరిగొచ్చిన మర్నాడే ఆఫీసులో మిత్రుడు పాత ప్రశ్న ఎత్తాడు. “మన రూపాయికి ఎంత తిరిగొస్తోందంటావ్?”

“అందులో మనది ఎంత?” అన్నాను. జోకనుకుని నవ్వాడు.