కొత్త కారూ, ఎనిమిది స్పీకర్లూ, ఓ మట్టికుండా!

కొత్త కారు కొని నాలుగు నెలలైంది. ఇన్నాళ్ళూ దాని గురించి ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. కారు మాటెత్తితే చాలు, ఎదుటివాళ్ళు "మైలేజీ ఎంతిస్తోంది?" దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నా బాధేమో మైలేజీ కాదు, పాటలు.

ముందు కాస్త ఫ్లాష్‌బ్యాకు. ఇంజనీరింగ్ రోజుల్లో మా హాస్టల్ రూములో ఓ అసెంబుల్డ్ టేప్‌రికార్డరు ఉండేది. మా రూమ్మేటు కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి ఆంప్లిఫయర్ బోర్డూ, ట్రాన్స్‌ఫార్మరూ, ఆరంగుళాల స్పీకరూ విడివిడిగా కొనుక్కొచ్చి, సోల్డరింగ్ చేసి తయారుచేశాడు. స్పీకరుకి చెక్కపెట్టె చేయించడానికి డబ్బుల్లేవు. అందుకని ఓ మట్టికుండ తెచ్చి దాని మూతి మీద స్పీకరు బోర్లించాడు. ఇదేమీ వాడు కనిపెట్టింది కాదులెండి, అప్పట్లో టీ కొట్లలో కూడా కనబడేది ఈ ఏర్పాటు. ఆ కుండలో 'గీతాంజలి' (1989) క్యాసెట్టు వేస్తే ఇళయరాజా బేస్ గిటారు మంచం కోళ్ళ దాకా తెలిసేది. బాలు గొంతు వెనకాల ఇంకో మనిషి నడుస్తున్నట్టు ఉండేది ఆ గిటారు. ఆ తర్వాత నేను ఎన్ని హెడ్‌ఫోన్లు కొన్నా లోపల్లోపల పోల్చుకునేది మాత్రం ఆ కుండతోనే.

సరే, విషయానికొస్తే... కారు తీసుకునేటప్పుడు మధ్య వేరియంటు చాలనుకున్నాం. పై వేరియంటులో 'ప్రీమియం ఆడియో' అని ఎనిమిది స్పీకర్లు: నాలుగు డోర్లలో నాలుగు పెద్దవి, పైన నాలుగు ట్వీటర్లు. తేడా లక్షా ఇరవై వేలు. "పాటలు వినడానికి లక్షా ఇరవై వేలా అండీ?" అంది మా ఆవిడ. "రోజుకి రెండు గంటలు అందులోనే కదా బతికేది" అన్నాను. ఆ మాటకి ఆవిడ ఇంకేమీ అనలేదు. అనకపోవడమే తర్వాత నా ప్రాణానికొచ్చింది.

షోరూములో డెమో ఇచ్చారు. ఇంజిన్ ఆపేసిన కారు, మూసిన అద్దాలు, ఏసీ హాలు, వాళ్ళ పెన్‌డ్రైవ్‌లో వాళ్ళ పాట. అదిరిపోయింది! డెమో ఎన్విరాన్‌మెంట్లో ఏదైనా అదిరిపోతుందని పాతికేళ్ళుగా క్లయింట్లకి డెమోలిచ్చే నాకు తెలియాలి కదా. తెలియలేదు. పైగా "డోర్ తీస్తే వెలిగే లైట్లు ఫ్రీగా వేసిస్తాం సార్" అంటే సంబరపడి తలూపాను. ఆ ఫ్రీ లైట్ల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

కారు ఇంటికొచ్చిన రోజు సాయంత్రం ఔటర్ మీదకెక్కి మొదటగా వేసింది 'గీతాంజలి' పాటలే. పక్కన ఆవిడ, వెనక సీట్లో అమ్మాయి. పాట మొదలైంది. బాలు పాడుతున్నారు కానీ ఎక్కడ నిలబడి పాడుతున్నారో తెలియట్లేదు. ఎదురుగా లేరు, పక్కనా లేరు, కారంతా పొగలా పరుచుకున్నారు. బేస్ గిటారైతే ఉందో లేదో అన్నట్టుంది. వాల్యూమ్ పెంచితే డోర్ ప్యాడ్ జరజరమంది తప్ప గిటారు రాలేదు.

"బావుంది కదండీ" అంది ఆవిడ. "ఆఁ, చాలా బావుంది" అన్నాను. లక్షా ఇరవై వేలు మరి.

ఆ వారమంతా డీబగ్గింగే. మొదట అనుమానించాల్సింది మన కోడ్‌నే కాబట్టి, నా పాటల దగ్గర మొదలుపెట్టాను. నా ఫోల్డర్లో సగం పైగా ఎప్పుడో దించుకున్న 128 కిలోబిట్ల ఎంపీ3లు. సీడీలో సెకనుకి 1411 కిలోబిట్లుంటే వీటిలో మిగిలింది పదకొండో వంతు. ఎంపీ3 ఎంత తెలివిగా కుదించినా, ఆ రేటులో తాళాల మెరుపూ వయొలిన్ల చివరంచులూ అరిగిపోతాయి. దానిమీద మళ్ళీ బ్లూటూత్. ఫోనూ కారూ కలిసి ఇంకేదీ ఒప్పుకోకపోతే ఎస్‌బీసీ అనే పద్ధతిలో పంపుకుంటాయి. అది ఎక్కువలో ఎక్కువ మామూలుగా 328 కిలోబిట్లు. అంటే ఒకసారి పిండిన చెరుకుని మళ్ళీ పిండటం అన్నమాట. నా పాత సీడీని నష్టం లేకుండా ఫ్లాక్‌లోకి మార్చుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టి విన్నాను. పైస్థాయి శబ్దాలు తేటపడ్డాయి. తర్వాత సెట్టింగుల్లోకెళ్ళి 'సరౌండ్' అనేదాన్ని ఆపేశాను, బేసూ ట్రెబులూ సున్నా దగ్గర పెట్టాను. ఇంకాస్త నయం. కానీ గిటారు మాత్రం రాలేదు.

సర్వీస్ సెంటరుకి తీసుకెళ్ళాను. అడ్వైజరు కుర్రాడు బాగానే మాట్లాడాడు. "కంప్లైంట్ ఏంటి సార్?" అన్నాడు. ఏం చెప్పాలి? "బావోలేదు" అన్నాను. "అంటే సార్?" "అంటే... బావోలేదు." అతను కంప్యూటర్లో ఏదో కొట్టుకుని కారు లోపలికి పంపించాడు. గంట తర్వాత కాగితం చేతికొచ్చింది. 'సిస్టమ్ పరీక్షించాం, అన్ని స్పీకర్లూ పనిచేస్తున్నాయి, సమస్య కనిపించలేదు.' నోటితో ఇంకో ముక్క చెప్పాడు: "అన్ని బండ్లకీ ఇలాగే ఉంటుంది సార్. బేస్ కొంచెం పెంచుకోండి."

ఇంటికొస్తూ నా మీద నాకే అనుమానమొచ్చింది. బావోలేదంటున్నది నేనొక్కణ్ణే. ఆవిడకి బావుంది, అమ్మాయికి బావుంది, కంపెనీకి బావుంది. బహుశా చెవులే పోయాయేమో? ఆ రాత్రి ఫోన్లో ఒక్కో ఫ్రీక్వెన్సీ మోగించే యాప్ పెట్టుకుని నేనూ అమ్మాయీ కూర్చున్నాం. పన్నెండు వేల హెర్ట్జ్ దగ్గర నాకు నిశ్శబ్దం మొదలైంది. "ఇంకా వస్తోంది నాన్నా... ఇంకా వస్తోంది..." అంటూ అది పదహారు వేల దాకా వెళ్ళింది. అది నవ్వుతోంది, నేనూ నవ్వాను కానీ లోపల కలుక్కుమంది. ఆ పైనున్నవన్నీ నాకు తెలియకుండానే ఎప్పుడు వెళ్ళిపోయాయి? ఒక రోజూ ఒక తేదీ లేకుండా?

రెండ్రోజులు కారులో పాటలు పెట్టలేదు. మూడో రోజు ఆఫీసులో ఏదో బోరు మీటింగులో తట్టింది. వయసుతో ముందుగా పోయేది పైస్థాయి వినికిడి. బేస్ గిటారు లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర! నా చెవికి ముసలితనం వచ్చింది పైనుంచి, పాటలో లోటున్నది కిందనుంచి. రెండూ నిజమే, కానీ రెండూ వేరు వేరు బగ్గులు.

ఆ రాత్రి పదకొండింటికి మా అపార్ట్‌మెంటు సెల్లార్లో ఇంజినాపి కూర్చున్నాను. వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. ఫేడర్ని పూర్తిగా ముందుకి జరిపి ముందు డోర్లే మోగేలా పెట్టాను. బ్యాలెన్సుని పూర్తిగా కుడికి తిప్పాను. గిటారు వచ్చింది! పూర్తిగా ఎడమకి తిప్పాను. అక్కడా వచ్చింది! మధ్యలోకి తెచ్చాను. మాయం. ఒక్కో స్పీకరూ విడిగా బాగా మోగుతుంది, రెండూ కలిస్తే చప్పబడిపోతుంది. అదే పనిగా పదిసార్లు తిప్పి చూశాను. పదిసార్లూ అంతే.

ఇది తెలిసిన జబ్బే. స్పీకరు గాలిని ముందుకీ వెనక్కీ తోస్తుంది. ఒకదానికి ప్లస్సూ మైనస్సూ తారుమారైతే, కుడిది తోసినప్పుడు ఎడమది లాగుతుంది. 60 హెర్ట్జ్ శబ్దం అల పొడవు సుమారు ఐదున్నర మీటర్లు. రెండు డోర్ల మధ్య దూరం మీటరున్నర. అంత పొడుగు అలకి రెండు స్పీకర్లూ దాదాపు ఒకేచోట ఉన్నట్టే లెక్క, ఒకటి ఇచ్చింది రెండోది తినేస్తుంది. పైస్థాయిలో అలలు అంగుళాల్లో ఉంటాయి కాబట్టి అంత శుభ్రంగా కొట్టేసుకోవు. అందుకే గొంతు వినిపిస్తుంది, కానీ ఎక్కణ్ణుంచో తెలియదు. 'అన్ని స్పీకర్లూ పనిచేస్తున్నాయి' అన్న కాగితం కూడా అబద్ధం కాదు. యూనిట్ టెస్టులన్నీ పాసే, ఇంటిగ్రేషన్లోనే ఫెయిలు.

శనివారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి "బావోలేదు" అనలేదు. పెన్‌డ్రైవ్ పెట్టి, అడ్వైజర్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, "కుడికి తిప్పండి, ఎడమకి తిప్పండి, ఇప్పుడు మధ్యకి" అన్నాను. అతని మొహం మారింది. లోపల్నుంచి ఎలక్ట్రీషియన్ని పిలిచాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో కుర్రాడికి. ఒక్కసారి విని ఏమీ మాట్లాడకుండా ఎడమ డోర్ ప్యాడ్ ఊడదీశాడు. లోపల టేపు చుట్టిన అతుకులు. ఫ్రీ లైట్ల కోసం వైర్ల కట్ట విప్పినవాళ్ళెవరో స్పీకరు వైర్లు కూడా తెంపి, మళ్ళీ అతికేటప్పుడు తిరగేసి అతికారు. "ఉల్టా వేశారు సార్" అన్నాడా కుర్రాడు. మార్చడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

పాట వేశాను. బాలు డాష్‌బోర్డు మధ్యలోకొచ్చి నిలబడ్డారు. ఆయన వెనకాల ఆ మనిషి నడవడం మొదలుపెట్టాడు. ఆ కుర్రాడు "ఇప్పుడు మస్తుంది సార్" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను.

ఇంతకీ ఆ లక్షా ఇరవై వేలు గిట్టుబాటయిందా అంటే, లేదనే చెప్తాను. తొంభైలో వెళ్తుంటే టైర్ల రొద సగం బేసుని మింగేస్తుంది, దానికి ఎనిమిది స్పీకర్లూ ఏమీ చెయ్యలేవు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం బాగుంటుంది. హైదరాబాదులో సిగ్నళ్ళకి కొదవ లేదు కాబట్టి కొంత వసూలవుతోంది. మీరెవరైనా కారు కొంటుంటే స్పీకర్లు లెక్కపెట్టకండి. మీకు నోటికొచ్చిన పాట మీ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి, టెస్ట్ డ్రైవ్‌లో, బండి నడుస్తుండగా వినండి. బండి చేతికొచ్చాక బ్యాలెన్సు ఒకసారి అటూ ఇటూ తిప్పి చూడండి. ఫ్రీ లైట్లు వద్దనండి.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. మా టీములో బగ్గుల్ని చూసి ఏది ఉంచాలో ఏది మూసేయాలో తేల్చేది నేనే. 'రిపోర్టు స్క్రీను ఏదోలా ఉంది, ముందులా లేదు' అని ఒకావిడ రెండు నెలల క్రితం రాస్తే, 'సమస్య మా దగ్గర కనిపించలేదు' అని మూసేసింది నేనే. ఆవిడ మళ్ళీ రాయలేదు. ఆవిడకి సెల్లార్లో కూర్చునే తీరిక లేదేమో, లేక తన కళ్ళనే అనుమానించుకుందేమో. సోమవారం ఆఫీసుకెళ్ళగానే ఆ టికెట్ తెరిచి ఆవిడకి ఫోన్ చేశాను. "ఏదోలా అంటే ఎలా ఉందో మీ స్క్రీను మీదే ఒకసారి చూపిస్తారా?" అని అడిగాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఒక్క నిమిషమండీ, తెరుస్తాను" అంది.