ప్రభ పక్కన ఎవరూ లేరేం?

శివరాత్రి వెళ్ళిన మర్నాడు మా ముప్పాళ్ళలో ఎవరి ఫోను తెరిచినా ఒకటే బొమ్మ. నల్లటి ఆకాశం, మధ్యలో తెల్లగా మండిపోతున్న ఓ నిలువు గీత. "ఏమిటండీ ఇది?" అంటే, "కోటప్పకొండ ప్రభండీ, 90 అడుగులు!" అంటారు గర్వంగా. ఆ 90 అడుగుల ప్రభా, మా వంటింటి ట్యూబులైటూ అచ్చం ఒకలాగే ఉన్నాయంటే చిన్నబుచ్చుకుంటారని ఊరుకుంటాను.

ప్రభ అంటే తెలియని వారి కోసం రెండు ముక్కలు. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ మీద త్రికోటేశ్వరస్వామి ఉన్నాడు. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వెదురూ కర్రా కట్టి, గుడ్డలూ రంగుకాగితాలూ చుట్టి, కరెంటు దీపాలు అల్లి, కొండంత ప్రభను చక్రాల మీద నిలబెట్టి స్వామి దగ్గరికి తీసుకొస్తారు. ఒకప్పుడు ఎడ్లు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు. కోనసీమలోనూ సంక్రాంతికి ప్రభలున్నాయి, కానీ వాటిని భుజాల మీద మోస్తారు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్రం శకటం మీద కనిపించినవి ఆ కోనసీమ ప్రభలే. మావి మాత్రం చక్రాల మీదే వస్తాయి. అందుకే వీటిని వాహనాల కిందే జమకడతాను నేను. విదేశాల్లో కార్లను విప్పి, వంచి, రంగులేసి ప్రదర్శనకు పెడతారట. మా పల్నాడులో ఆ ముచ్చట ఏటా శివరాత్రికి జరుగుతుంది, టిక్కెట్టు లేకుండా!

ఆ కార్ల ప్రదర్శనల సంగతి నాకు చెప్పింది మా మరిది కొడుకు. హైదరాబాదులో ఉద్యోగం. మెడలో కెమెరా లేనిదే వాడికి అన్నం సయించదు. "పెద్దమ్మా, బండి కూడా మనిషే అనుకో. ఎదురుగా నిలబెట్టి తీస్తే పాస్‌పోర్టు ఫొటో అవుతుంది. కాస్త పక్కకి జరుగు, ముఖమూ పక్కభాగమూ రెండూ పడాలి. కెమెరాని దీపాల ఎత్తుకు దించు. మిట్ట మధ్యాహ్నం మాత్రం తియ్యకు" అన్నాడు. మధ్యాహ్నపు ఎండలో కంచిపట్టు చీర ఎలా వెలవెలబోతుందో తెలిసినవాళ్ళం, అది మనకొకరు చెప్పాలా! ఇంకోమాట కూడా అన్నాడు. మెరిసే బండి అద్దంతో సమానమట. ఎర్రచీర కట్టుకుని తెల్లకారు ముందు నిలబడితే కారు పొట్టమీద ఎర్రగా మనమే కనిపిస్తాం. ఫొటో తీసేరోజు ముదురు రంగు చీర కట్టుకోవడానికి ఇదొక సాకు.

వాడే నన్ను బహదూర్‌పురాలో, జూపార్కు దగ్గరున్న సుధా కార్ల మ్యూజియానికి తీసుకెళ్ళాడు. 2010లో తెరిచారు దాన్ని. వంకాయ కారు, క్రికెట్ బంతి కారు, మనం భుజానికి తగిలించుకునే హ్యాండ్‌బ్యాగు కారు, ఎత్తుమడమ చెప్పు కారు... అన్నీ నిజంగా నడిచేవే! వాటిని తయారుచేసిన సుధాకర్‌గారు 2005లో 41 అడుగుల పైచిలుకు ఎత్తున్న మూడుచక్రాల సైకిల్ తొక్కి గిన్నిస్ పుస్తకానికెక్కారు. అంతటి సైకిల్‌ని ఒంటరిగా ఫొటో తీస్తే పిల్లలు తొక్కుకునే బండిలాగే ఉంటుంది. చక్రం పక్కన ఓ మనిషి నిలబడితేనే గుండె గుభేలుమంటుంది. ఎత్తు అనేది వస్తువులో లేదు, పక్కనున్న మనిషిలో ఉంది.

ఇదే మాట ఏ కెమెరా ముట్టని మా అత్తయ్య ఇంకోలా అంది. ఆవిడ పుట్టిల్లు కొండకు దగ్గరి పల్లె. వాళ్ళూరి ప్రభ కింది భాగానికి చుట్టే గుడ్డకు అంచు కుట్టడం ఆవిడ చిన్ననాటినుంచీ చేస్తున్న పని. మోకాళ్ళు మొరాయించి తిరునాళ్ళకు వెళ్ళడం మానేసినా, మిషను మీద కుట్టి ఇప్పటికీ పంపుతుంది. ఓ ఏడు మావారు తిరునాళ్ళనుంచి వచ్చి ఫోను చూపించారు. అత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ప్రభ పక్కన ఎవరూ లేరేం? నా అంచేదిరా?"

మావారు నా వంక చూశారు. నేను పొయ్యి వంక చూశాను.

అప్పుడావిడ పెట్టె అడుగునుంచి ఓ పాత నలుపు తెలుపు ఫొటో తీసింది. ఏ స్టూడియో ఆయన తీశాడోగానీ ప్రభ సగానికే తెగిపోయింది. మనుషులు మాత్రం పూర్తిగా పడ్డారు. చక్రం పట్టుకున్నవాడు, మోకు భుజానికేసుకున్నవాడు, ఎద్దు ముఖాన చెయ్యేసినవాడు. అత్తయ్య వేలు పెట్టి ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ పోయింది. సగం మంది లేరు. ఆ ప్రభా లేదు. తిరునాళ్ళ అయ్యాక కట్టినవన్నీ విప్పేస్తారు, ఆ వెదుళ్ళు ఏ పాకకో పందిరికో వెళ్ళిపోతాయి. మిగిలేది ఈ కాగితం ఒక్కటే.

"మరి మీరేరీ, అత్తయ్యా?" అన్నాను.

"మేమెందుకుంటామే? వంట దగ్గరున్నాం" అంది, అదేమంత అడగాల్సిన సంగతా అన్నట్టు.

ఆ మరుసటి ఏడు నుంచి నేను తిరునాళ్ళకు రెండురోజుల ముందే ఆవిడ పుట్టింటికి వెళుతున్నాను. ప్రభను కట్టే చోట పొద్దున్నే ఎండ మెత్తగా ఉంటుంది. ఆడవాళ్ళు రంగుకాగితాలు కత్తిరిస్తుంటారు, గుడ్డలు సర్దుతుంటారు. మొదట "మాకెందుకమ్మా ఫొటోలు" అంటారు. ఓ గంట కూర్చుని మనం కూడా నాలుగు కాగితాలు కత్తిరిస్తే ఫోను సంగతి మర్చిపోతారు. అప్పుడు తియ్యాలి. అంచు దగ్గరకెళ్ళి, కుట్టు వరస లెక్కపెట్టేంత దగ్గరగా తీసుకుంటాను. అది అత్తయ్యకి.

ఇక కొండ దగ్గర తిరునాళ్ళనాడు ప్రభను పూర్తిగా తియ్యాలంటే పొద్దుగుంకిన తర్వాత ఓ పావుగంటే ఉంది. దీపాలు వెలిగి, ఆకాశం ఇంకా నీలంగా ఉన్న పావుగంట. అది దాటితే మళ్ళీ ట్యూబులైటే. ఫోనులో వెలుగుతున్న దీపం మీద వేలు నొక్కి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి లాగితే మంట తగ్గి రంగులు బయటికొస్తాయి. ఫ్లాష్ వద్దు. దాని వెలుతురు 90 అడుగులు ఎక్కదు, ముందున్నాయన బట్టతల మీదే ఆగిపోతుంది. పరుగెత్తే దీపాలు వెలిగి ఆరుతుంటాయి కాబట్టి ఒకటి కాదు, పది తీసుకోవాలి. వీటిలో కొన్ని మన కంటికి తెలియకుండా సెకనుకు 100 సార్లు రెప్పలేస్తాయి. ఫొటోలో అడ్డచారలు పడితే మా మరిది కొడుకు కెమెరా వేగాన్ని సెకనులో 50వ వంతుకు తగ్గించుకోమంటాడు.

ప్రభ మొదట్లో నిలబడి తలెత్తి తీస్తే అది వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. పొలంలోకి బాగా వెనక్కి నడిచి తియ్యడమే మేలు. ఏ దిక్కునుంచి చూసినా మూడు శిఖరాలు కనిపించే కొండ కదా అది, బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలని పేర్లు. మనం ఎటు నిలబడ్డా వెనక తెర సిద్ధం. ప్రభ కదులుతున్నప్పుడు మాత్రం మోకుల మధ్యకీ, చక్రాల ముందుకీ ఎవరూ పోకండి. లాగేవాళ్ళకి మీ ఫొటో కనపడదు.

కిందటేడు తీసినవాటిల్లో ఒకటి పెద్దసైజులో వేయించి అత్తయ్యకిచ్చాను. ప్రభ సగానికి తెగింది, చక్రం చుట్టూ మనుషులున్నారు, కాగితాలు కత్తిరించిన చేతులున్నాయి, ఓ పక్కన అంచు స్పష్టంగా ఉంది. ఆవిడ చాలాసేపు చూసి, బొమ్మను బోర్లా తిప్పి, నా చేతిలోని పెన్ను తీసుకుంది. ఆ వెనక వరసగా పేర్లు రాస్తూ కూర్చుంది. మధ్యలో ఒకామె ఇంటిపేరు గుర్తురాక పుట్టింటికి ఫోను చేయించింది. అన్నీ పూర్తయ్యాక లెక్కపెట్టాను. ఆడవాళ్ళ పేర్లు పదకొండు.