పెద్దబాపు తేలాడు... నేను మునిగాను!

మా పెద్దబాపు బరువు 92 కిలోలు. నేను 58. జిమ్‌కి వెళ్లడం మొదలుపెట్టి ఏడాదైంది, పొట్ట అన్నమాటే లేదు. ఇద్దరం బావిలో దిగితే ఎవరు మునగాలి? నేనైతే ఆయనే అనుకున్నా.

పోయిన ఎండాకాలం ఊరికెళ్లినప్పటి ముచ్చట ఇది. మా పొలం దగ్గరి బావిలో పెద్దబాపు వెల్లకిలా పడుకుని, చేతులు చాపి, ఆకాశం చూసుకుంటూ లారీ ట్యూబులా తేలుతున్నాడు. నాకు ఈత రాదు. మెట్ల మీద కూర్చుని వీడియో తీస్తున్నా. అంత మనిషే తేలుతుంటే బక్కోణ్ని నాకేమవుతుందిలే అనిపించింది. ఫోన్ పక్కన పెట్టి దూకేశా.

కాళ్లకు నేల తగల్లేదు. ఎలాగో పైకొచ్చి, రెండు చేతులూ గాల్లోకి లేపి "పెద్దబాపూ!" అని అరిచా. మళ్లీ మునిగా. ఇంకోసారి అరవబోతే నోటి నిండా నీళ్లు. ఆయన నా దగ్గరికి రాలేదు. గబగబా మెట్ల వైపు ఈది, పిల్లలు ఈత నేర్చుకోవడానికి వీపుకు కట్టుకునే ఖాళీ క్యాన్ నా మీదికి విసిరాడు.

"చేతులు నీళ్లల్ల పెట్టురా! డబ్బా పట్టుకో!"

దాన్ని ఛాతీకి హత్తుకున్నా. తల పైకొచ్చింది. అక్కడే ఆగింది.

ఒడ్డుకొచ్చాక నా వణుకు తగ్గేదాకా ఏమీ అనలేదు. తర్వాత నవ్వి, "వడ్లు నీళ్లల్ల పోస్తే తాలు తేలుతది, గట్టి గింజ మునుగుతది. నువ్వు గట్టి గింజవు బిడ్డా" అన్నాడు.

సరదాకి అన్నా, అసలు లెక్క అదే. నీళ్లు బరువొక్కటే చూడవు, ఆ బరువు ఎంత జాగాలో ఉందో చూస్తాయి. నీళ్లలో దిగిన వస్తువు కొన్ని నీళ్లను పక్కకు తోస్తుంది. ఆ నీళ్ల బరువెంతో, అంత బలంతో నీళ్లు దాన్ని పైకి నెడతాయి. రెండు వేల ఏళ్ల కిందటే ఆర్కిమెడిస్ చెప్పిన మాట ఇది. లీటరు నీళ్లు కిలో. అంటే 58 కిలోల నేను తేలాలంటే నా ఒళ్లు 58 లీటర్ల కంటే ఎక్కువ జాగా తీసుకోవాలి. చిన్న మేకు మునిగి, వేల టన్నుల ఓడ తేలేది ఇందుకే. ఓడ లోపలంతా ఖాళీ జాగానే కదా.

లీటరు కొవ్వు సుమారు 900 గ్రాములే తూగుతుంది. కండ కిలో దాటుతుంది, ఎముక ఇంకా ఎక్కువ. పెద్దబాపు పొట్ట ఆయనకు పుట్టించిన ట్యూబు అన్నమాట! నేను జిమ్‌లో పెంచిన కండ నీళ్లలో నాకు పనికిరాలేదు.

అయినా నేను మునగడానికి కండొక్కటే కారణం కాదు. ఊపిరితిత్తుల నిండా గాలి పీలిస్తే 5, 6 లీటర్ల దాకా పడుతుంది. బరువు దాదాపు సున్నా, జాగా మాత్రం బోలెడు. నేనేమో అరిచి అరిచి ఆ గాలంతా ఖర్చు చేశా. పైగా చేతులు లేపా. నీళ్లలో ఉన్నంతసేపు చేతుల బరువు నీళ్లు మోస్తాయి. గాల్లోకి లేపితే ఆ బరువు మన మీదే పడుతుంది, తల లోపలికి పోతుంది. వెల్లకిలా పడుకుంటే ముక్కు, నోరు పైనుంటే చాలు.

మరి ఆ క్యాన్? మూత బిగించిన 20 లీటర్ల ఖాళీ క్యాన్‌ను పూర్తిగా ముంచాలంటే దాదాపు 19 కిలోల బలం కావాలి. మన తల బరువు 5 కిలోలకు అటూ ఇటూ. మిగతా ఒంటిని నీళ్లే మోస్తాయి కాబట్టి క్యాన్‌కి అదో లెక్క కాదు.

"నువ్వే వచ్చి పట్టుకోవచ్చు కదా?" అని ఆ రాత్రి అడిగా.

"మునిగేటోడు దొరికినోని మెడ పట్టుకుంటడు. ఇద్దరం పోతుంటిమి" అన్నాడు, అన్నం కలుపుకుంటూ.

ఇప్పుడు ఊరికెళ్తే నేనూ బావిలో దిగుతున్నా. వీపుకు క్యాన్ కట్టుకుని, చిన్నపిల్లల పక్కనే. వాళ్లు నవ్వుతారు. నవ్వనీ! వీడియో తీసేది మాత్రం పెద్దబాపే.