చదివింపుల పుస్తకంలో ఎక్కని కానుక

పెళ్ళి పందిట్లో ఒక పక్కగా బల్ల, బల్ల మీద నోటు పుస్తకం, దాని ముందు నమ్మకమైన బంధువు ఒకరు. ఎవరెంత చదివించారో పేరుతో సహా రాసుకుని, రేపు వాళ్ళింట్లో శుభకార్యం జరిగినప్పుడు అంతకు తగ్గకుండా తిరిగి చదివించడం మన ఇళ్ళలో మతంతో నిమిత్తం లేని మర్యాద. కథోలిక కుటుంబాలూ దీన్ని పాటిస్తాయి. అందులో తప్పు లేదు. పెళ్ళి భారాన్ని పదిమంది తలా ఒక చెయ్యి వేసి మోసే పద్ధతి అది. కానీ ఆ లెక్క పెళ్ళి దగ్గర ఆగడం లేదు. బిడ్డ జ్ఞానస్నానానికీ, పిల్లల మొదటి సత్ప్రసాదానికీ, ఫాదర్ గారు వచ్చి కొత్త ఇల్లు ఆశీర్వదించే పూటకీ కూడా ఒక కవరో, పేరు చెక్కించిన స్టీలు బిందో, బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ షీల్డో వచ్చి చేరుతోంది. ఇలాంటి సందర్భాలకు చేత్తో చేసిన వస్తువే తగిన కానుక అని నా నమ్మకం. పాతకాలపు ముచ్చట మీద మమకారంతో ఈ మాట అనడం లేదు. పవిత్ర వస్తువును తిరుసభ చూసే తీరులోనే దీనికి ఆధారం ఉంది.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల తిరునాళ్ళకు వెళ్ళినవాళ్ళకు తెలుసు, కొండ దారిలో కొట్ల నిండా జపమాలలూ పటాలూ కొవ్వొత్తులూ ఉంటాయి. కొట్లో ఉన్నంతసేపూ జపమాలకు ఒక ధర ఉంటుంది, బేరమూ ఆడొచ్చు. కొన్నాక తీసుకెళ్ళి ఫాదర్ గారి చేత మంత్రించుకుంటాం. అక్కణ్ణించి సంగతి మారిపోతుంది. ఆశీర్వదించిన జపమాలతో ముడిపడిన దండవిమోచన ఫలం ఆ వస్తువు నాశనమైనా, అమ్మినా పోతుందని 1917 నాటి తిరుసభ చట్ట గ్రంథం చెప్పింది. 1999లో రోము వెలువరించిన దండవిమోచనల సంపుటిలోనూ అదే నియమం ఉంది. ఒకరికి ఊరికే ఇస్తే పోతుందని మాత్రం ఎక్కడా లేదు. అంటే ఆశీర్వాదం పొందిన వస్తువు చేతులు మారడానికి అమ్మకం దారి మూసేశారు, కానుక దారి తెరిచే ఉంచారు. మాటవరసకు మనం వెలకట్టలేనిది అంటుంటాం. ఈ వస్తువు విషయంలో అది అక్షరాలా నిజం. చివరికి వెల వదిలేసుకోవాల్సిన వస్తువు మొదటి నుంచీ వెల లేకుండానే పుడితే ఎంత బాగుంటుంది? ఇంట్లో కుట్టిన బట్టకూ, అల్లిన మాలకూ చదివింపుల పుస్తకంలో ఏ అంకె వేస్తారు? అంకె లేదు కాబట్టి తిరిగి తీర్చాల్సిన బాకీ కూడా లేదు.

జ్ఞానస్నానాన్నే తీసుకుందాం. రెండవ వాటికన్ మహాసభ తరువాత 1969లో వచ్చిన శిశు జ్ఞానస్నాన విధిలో బిడ్డకు తెల్లని వస్త్రం తొడిగే ఘట్టం ఉంది. ఆ వస్త్రాన్ని కుటుంబమే సమకూర్చుకోవడం మంచిదని ఆ విధే సూచిస్తుంది. గుడిలో ఒక తెల్ల గుడ్డ సిద్ధంగా ఉంచి అందరికీ అదే కప్పేస్తే పని అయిపోతుంది కదా అనుకోవచ్చు. అయినా ఇంటివాళ్ళు తేవాలనే కోరింది. దీనికి మన ఇళ్ళలో కావలసిన సరుకంతా ఉంది. ఉతికి ఉతికి మెత్తబడిన తాతగారి నూలు పంచె కంటే పసిబిడ్డ ఒంటికి హాయైన బట్ట ఇంకేం కావాలి? అమ్మమ్మలూ నాయనమ్మలూ పాత చీరలతో బొంతలు కుట్టింది ఈ మెత్తదనం కోసమే. పంచె అంచు తీసేసి, చిన్న చొక్కాగా కత్తిరించి, మెడ పట్టేలా కాస్త వదులు వదిలి, కుట్టు మడతలు బయటికి వచ్చేలా కుట్టాలి. మడత లోపలికి వస్తే లేత చర్మం ఒరుసుకుంటుంది. గుండీలు వద్దు, వెనక నాడాలు చాలు. ఈ పని జ్ఞానతల్లి చేస్తే మరీ మంచిది. గుడిలో ఆమె ఇచ్చే మాట బిడ్డ విశ్వాసంలో పెరగడానికి తోడుంటానని. ఆ మాటకు ముందే రెండు సాయంత్రాలు ఆ బిడ్డ కొలతల మీద కూర్చుని ఉంటుంది.

మొదటి సత్ప్రసాదం తీసుకునే పిల్లకు ఏమిద్దామన్నా ముందు జపమాలే గుర్తొస్తుంది. అయిదు పదుల మాలలో మొత్తం 59 పూసలు: మంగళవార్త జపానికి 53, పరలోక జపానికి 6. పూసలు దొరక్కపోయినా పరవాలేదు, ముడులతోనే జపమాల అల్లుతారు. మెలితిప్పిన గట్టి నూలు దారం ఆరు మీటర్ల దాకా పడుతుంది. దారాన్ని చూపుడు వేలికి మూడు చుట్లు చుట్టి, కొసను ఆ చుట్ల లోపలి నుంచి దూర్చి, వేలి మీద నుంచి జార్చి, మెల్లగా లాగుతూ చుట్లు పక్కపక్కన ఒదిగేలా బిగించాలి. తొందరపడితే ఒక చుట్టు ఇంకోదాని మీదికెక్కి ముడి వంకరపోతుంది, విప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. పరలోక జపం ముడికి ఒక చుట్టు ఎక్కువ వేస్తే చీకట్లో కూడా వేలికి తేడా తెలుస్తుంది. ముడికొక మంగళవార్త జపం చెప్పుకుంటూ అల్లే అలవాటు చాలామందికి ఉంది. అలా అల్లిన మాల ఆ పిల్ల చేతికి వచ్చేసరికి, దాని మీద ఒకరు ఆమె కోసం ఒకసారి ఆ చివర నుంచి ఈ చివర దాకా జపించేసి ఉంటారు. ఇది పెద్ద ఎత్తునా జరుగుతోంది. అమెరికాలోని లూయీవిల్ నగరంలో 1949లో బ్రదర్ సిల్వన్ మాటింగ్లీ మొదలుపెట్టిన జపమాల తయారీదారుల బృందంలోని స్వచ్ఛంద సేవకులు ఇప్పటికీ తమ ఇళ్ళలో కూర్చుని జపమాలలు చేసి దూరదేశాల మిషన్లకు ఉచితంగా పంపుతున్నారు.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది. కొట్లో కొన్న ప్లాస్టిక్ జపమాల మీదా, ఇంట్లో అల్లిన మాల మీదా ఫాదర్ గారు చెప్పే ప్రార్థన ఒకటే. ఆశీర్వాద బలం తిరుసభ ప్రార్థన నుంచి వస్తుంది గానీ చేసినవాళ్ళ పనితనం నుంచి రాదు. ఇది నిజం, దీన్ని పూర్తిగా ఒప్పుకోవాలి. చేత్తో చేసింది కాబట్టి ఎక్కువ మహిమ గలదని ఎవరైనా చెబితే అది మూఢనమ్మకమే అవుతుంది. చేతిలో ప్లాస్టిక్ మాల తప్ప మరేదీ లేని కూలి మనిషి జపం ఎవరి జపానికీ తీసిపోదు. నేను మాట్లాడుతున్నది కానుక గురించి. వస్తువుకూ దేవుడికీ ఉన్న సంబంధం ఆశీర్వాదంతో తేలిపోతుంది. ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ మధ్య సంబంధం ఆశీర్వాదంతో తేలేది కాదు, అది మనుషులు కూర్చుకోవాల్సిందే. దానికి పట్టే సరుకు సమయం.

ఆ సమయమే లేదు కదా అనే మాట రెండో ఆక్షేపణ. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో సూదీ దారం పట్టే తీరికెక్కడిది? అలాంటప్పుడు చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గర కొనుక్కోవచ్చు, తప్పేమీ లేదు. సుమారు 1268లో పారిస్‌లో ఎతియెన్ బ్వాలో కూర్పించిన వృత్తుల గ్రంథంలో జపమాలలు చేసేవాళ్ళ సంఘాలు సరుకును బట్టి విడివిడిగా కనిపిస్తాయి: ఎముకతో, కొమ్ముతో చేసేవాళ్ళు వేరు, పగడంతో చేసేవాళ్ళు వేరు. బేత్లెహేములో ఒలీవ కర్రతో చేసిన మాలలను మన యాత్రికులు ఇప్పటికీ తెచ్చి చుట్టాలకు పంచుతున్నారు. అయితే కొనేటప్పుడు కూలి సంగతి కళ్ళు తెరిచి చూడాలి. నర్సాపురం ప్రాంతపు క్రోషే లేసు 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని. తెల్లని దారంతో పువ్వు పక్కన పువ్వుగా సాగే ఆ అల్లిక జ్ఞానస్నానపు చొక్కా అంచుకు ఎంత అందమో చెప్పనక్కర్లేదు. కానీ ఆ లేసు అల్లే స్త్రీల గురించి 1982లో మరియా మీస్ రాసిన పుస్తకం చదివితే మనసు కలుక్కుమంటుంది. రోజుకు గంటల తరబడి విదేశీ సంతల కోసం అల్లుతున్నా, వాళ్ళు ఇంట్లో తీరిక వేళ గడుపుకుంటున్న గృహిణులే అనిపించుకున్నారు, కూలీ ఆ లెక్కనే ముట్టింది. ప్రేమకు గుర్తుగా ఇచ్చే వస్తువులో ఒకరి కూలి ఎగవేత దాగి ఉండకూడదు. అల్లినవాళ్ళకే నేరుగా సరైన డబ్బు ముట్టే చోట ఒక మూర లేసు కొన్నా చాలు.

క్రీస్తు జయంతికి పశువుల పాక కానుకగా ఇవ్వాలనుకునేవాళ్ళకు కొండపల్లి దగ్గరే ఉంది. 1223లో గ్రెచ్చోలో అసీసీ ఫ్రాన్సిస్ సజీవ పశువుల పాక ఏర్పరిచిన నాటి నుంచి ఏ ఊరివాళ్ళు ఆ ఊరి మనుషులను ఆ పాకలోకి తెచ్చుకుంటూనే ఉన్నారు. ఫ్రాన్సులోని ప్రొవాన్స్‌లో మట్టితో చేసే సాంతోన్ బొమ్మల్లో మర ఆడించేవాడూ, చేపలమ్మీ, కత్తులకు సానపట్టేవాడూ బాలయేసును చూడటానికి వస్తారు. మార్సేలో ఆ బొమ్మల సంత 1803 నుంచి జరుగుతోంది. తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురుతో ముక్కలు అతికే మన కళాకారుల దగ్గర ఎడ్లబండీ, తాటిచెట్టెక్కే గీత కార్మికుడూ ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్నారు. వాళ్ళను ఆ పాక దగ్గరికి పిలవాల్సింది మనమే.

వస్తువుల మీద ఇంత భక్తి ఎందుకని ఇతర క్రైస్తవ సంఘాల సోదరులు అడుగుతారు. రూపానికి చేసే గౌరవం ఆ రూపం ఎవరిదో వారికే చెందుతుందని 787లో రెండవ నికాయ మహాసభ తేల్చిన మాటే దానికి జవాబు. పాడైపోయిన పవిత్ర వస్తువును ఏం చేయాలో చెప్పే ఆచారం కూడా అదే దారిలో ఉంది: చెత్తలో వేయకుండా కాల్చాలి, లేదా మట్టిలో పూడ్చాలి. నూలు దారమూ కర్రా బట్టా ఆకూ ఈ మర్యాదకు సులువుగా లొంగుతాయి. ప్లాస్టిక్ కాలిస్తే విషపు పొగ, పూడిస్తే అలాగే పడి ఉంటుంది. చేత్తో చేసే వాటన్నిటిలోకీ చిన్నది, ఒక్క పైసా ఖర్చు లేనిది మట్టల ఆదివారం నాటి సిలువ. పూజ అయ్యాక లేత కొబ్బరాకును పిల్లలు సిలువగా మడిచి పక్కవాళ్ళకు పంచుతారు, ఇంటికొచ్చి పటం వెనక గుచ్చుతారు. ఏడాదంతా అక్కడే ఎండి గోధుమ రంగుకు తిరిగి, మరుసటి తపస్సు కాలం ముందు ఆ ఆకులు గుడికి చేరతాయి. వాటిని కాల్చిన బూడిదతోనే విభూది బుధవారం నాడు ఫాదర్ గారు నుదుట సిలువ గుర్తు వేస్తారు.