ఆ సంతకం ఎవరిది?

తలనొప్పి వస్తే మందుల షాపు. పిల్లాడికి జ్వరమొస్తే మందుల షాపు. డాక్టరు దగ్గరికెళితే ఫీజు, టెస్టులు, సగం రోజు వృథా... అదే వీధి చివరి షాపుకెళితే ఐదు నిమిషాల్లో పనైపోతుంది. 'అన్నా, జలుబుకేమన్నా ఇవ్వు' అంటే చాలు, కౌంటరు వెనకున్న కుర్రాడు మూడు రకాల బిళ్లలు కత్తిరించి పొట్లం కట్టి చేతిలో పెడతాడు. ఆ కుర్రాడి తల వెనక గోడకి ఒక ఫ్రేము వేలాడుతుంటుంది. అందులో ఒక ఫొటో, కింద ఒక నంబరు. చాలా షాపుల్లో ఆ ఫొటో కుర్రాడిది కాదు. మరి ఎవరిదని అడిగేవాళ్లు తక్కువ.

చట్టం దృష్టిలో మాత్రం ఆ షాపులో అసలు మనిషి ఆ ఫొటోలో ఉన్నవారే. డబ్బులు పెట్టి షాపు తెరిచే యజమాని ఎవరైనా కావచ్చు. డాక్టరు రాసిన చీటీ చూసి మందు తీసి ఇచ్చే అధికారం మాత్రం రిజిస్టర్డ్ ఫార్మసిస్టుదే. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెప్పేది ఇదే. 1945 డ్రగ్స్ రూల్స్‌లోని 65వ నిబంధన దీన్ని ఇంకాస్త బిగించింది. ఫార్మసిస్టు తన చేత్తో ఇవ్వాలి, లేదంటే తన కళ్లెదుట ఇప్పించాలి. ఎక్కడో ఉండి ఫోన్లో 'ఇచ్చెయ్' అంటే కుదరదు.

కానీ కుదిరిపోతూ ఉంటుంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఓ మండల కేంద్రంలో ఇలాగే ఏళ్ల తరబడి ఒక షాపు నడిచింది. నడిపింది ఇప్పుడు అరవై దాటిన పెద్దాయన. గోడ మీది సర్టిఫికెట్ హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం చేసుకునే ఓ ఫార్మసిస్టుది. నెలకింతని దానికి అద్దె. ఆ మనిషి ఆర్నెల్లకోసారి బస్సు దిగి, చాయ్ తాగి, ఆర్నెల్ల రిజిస్టరు మీద ఒకే పెన్నుతో గంటలో సంతకాలన్నీ పెట్టేసి మళ్లీ బస్సెక్కేవాడు. చుట్టుపక్కల షాపుల్లోనూ అదే తంతు కాబట్టి అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

కొన్నేళ్ల కిందట ఆ ఇంటికి బీఫార్మసీ చదివిన కోడలొచ్చింది. అద్దె డబ్బులు మిగిలాయనుకున్నాడు మామ. లైసెన్సులో ఫార్మసిస్టుగా ఆమె పేరు చేర్పించాడు. కొత్త సర్టిఫికెట్ గోడకెక్కింది. అక్కడితో అయిపోయిందనుకున్నారంతా. మర్నాడు పొద్దున్నే సర్టిఫికెట్ వెనకాలే మనిషి కూడా వచ్చి కౌంటర్లో నిలబడింది!

ఇన్సులిన్ పక్కన పెరుగు గిన్నె

ఆమె తెల్లకోటు వేసుకుని, పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్న బ్యాడ్జీ పెట్టుకుంటే బజార్లో నవ్వుకున్నారు. 'డాక్టరమ్మా' అంటూ ఆటపట్టించారు. నిజానికి అది ఆమె సరదా కాదు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ప్రకారం ఫార్మసిస్టు అలాగే ఉండాలి.

మొదటి వారం మందుల అమ్మకం కన్నా షాపు సర్దుడే ఎక్కువైంది. పై అరల్లో గడువు దాటిన సీసాలు అమ్మకపు సరుకుతో కలిసిపోయి ఉన్నాయి. కంపెనీకి తిప్పి పంపేదాకా వాటిని ఉంచుకోవచ్చుగానీ విడిగా అట్టపెట్టెలో పెట్టి, పైన 'నాట్ ఫర్ సేల్' అని కనిపించేలా రాయాలి. ఫ్రిజ్ తెరిస్తే ఇన్సులిన్ పక్కన పెరుగు గిన్నె, మంచినీళ్ల సీసాలు! ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. మాటిమాటికీ తలుపు తీసి నీళ్లు తాగే ఫ్రిజ్‌లో ఆ చల్లదనం ఎక్కడుంటుంది? పెరుగు గిన్నె ఇంటికెళ్లిపోయింది. అత్తగారికి కోపమొచ్చింది.

అసలు గొడవ రిజిస్టరు దగ్గర మొదలైంది. మందుల్లో షెడ్యూల్ హెచ్ అని ఒక జాబితా ఉంది. చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. ఎవరూ లెక్కచేయట్లేదనే, అందులోంచి కొన్నిటిని కలిపి 2014 మార్చి 1 నుంచి హెచ్-1 అని ఇంకో కట్టుదిట్టమైన జాబితా తెచ్చారు. మొదట్లో అందులో 46 మందులు. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్స్, క్షయ మందులు, అల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు అన్నీ అందులోవే. షీటు మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక కనిపిస్తుంది. ఎవరు రాశారు, ఎవరికిచ్చారు, ఏ మందు, ఎంత... ఇవన్నీ వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. షెడ్యూల్ ఎక్స్ మందులైతే తాళం వేసిన అరలో ఉండాలి. చీటీ రెండు కాపీలు తేవాలి, ఒకటి షాపులో రెండేళ్లుండాలి.

"ఇన్ని రాతలు ఎవలు జూస్తరమ్మా? సార్లు వచ్చేది ఎప్పుడో ఒకసారి" అన్నాడు మామ.

"చూసినా చూడకున్నా కింద సంతకం నాదే గద మామయ్యా" అంది కోడలు.

నిద్ర గోలీల తాత

పాలమూరు వైపు అల్ప్రజోలం పేరు డాక్టర్ల కన్నా కల్లు దుకాణాల వాళ్లకే ఎక్కువ తెలుసంటే అతిశయోక్తి కాదు. మత్తు కోసం దాన్నీ, డైజిపామ్‌నీ కల్లులో కలిపే దందా ఏనాటి నుంచో ఉన్నదే. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయినప్పుడూ ఈ పేరే మళ్లీ వినిపించింది. ఆ కల్లుకి అలవాటుపడిన వాళ్లకి ఒక్కసారిగా అది అందకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర ఉండదు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. అప్పుడు వాళ్లకు గుర్తొచ్చేది మందుల షాపే.

"నిద్ర గోలీలు రెండియ్యి బిడ్డా. మీ మామ ఎన్నడూ కాదనలే" అన్నాడొక తాత.

"చిట్టీ లేంది ఇయ్యరాదు తాతా. నీ చేతులు సూడు ఎట్ల వణుకుతున్నయో. సర్కారు దవాఖానకు పోదాం, నడువు."

రెండు గోలీల ఖరీదు ఎంతో కాదు. అవి ఇచ్చుంటే తాత ఆశీర్వదించి వెళ్లేవాడు. లేదని తిప్పి పంపినా చట్టం పాటించినట్టే. ఆమె ఆ రెండూ చేయలేదు. తనకి తోడుగా ఓ పిల్లాణ్నిచ్చి ఆసుపత్రికి పంపింది. కౌంటరు వెనక చదువుకున్న మనిషి ఉండటానికీ, కత్తెర మాత్రమే ఉండటానికీ తేడా ఇలాంటిచోటే తెలుస్తుంది. చీటీ లేని మందు అడగడంలో మనమేం తక్కువ తినలేదన్నదీ ఒప్పుకోవాలి. కాదన్న షాపు మీద అలిగి పక్క షాపుకెళ్లేది మనమే కదా.

క్షయ మందుల విషయంలో మరో బాధ్యత ఉంది. వాటిని కొన్న రోగి వివరాల్ని మందుల షాపు వాళ్లు కూడా ప్రభుత్వానికి తెలియజేయాలని 2018 మార్చిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఊళ్లో తెలిస్తే పిల్లకి సంబంధాలు రావని దాచుకునేవాళ్లుంటారు. వాళ్లకి నచ్చజెప్పడం రిజిస్టరు రాసినంత సులువు కాదు.

చట్టంలోనూ చిక్కుముళ్లు లేకపోలేదు. డాక్టరు ఫలానా కంపెనీ పేరుతో షెడ్యూల్ హెచ్ మందు రాస్తే, అదే మందు సగం ధరకి వేరే పేరుతో ఉన్నా ఫార్మసిస్టు తనంతట తాను మార్చి ఇవ్వకూడదు. ఒకపక్క జనఔషధి కేంద్రాలు తెరిచి చవక మందులు కొనమంటూ, ఇంకోపక్క ఈ అడ్డుగోడ ఎందుకో? నిరుపేద రోగి ఎదురుగా నిలబడి 'ఇంకా తక్కువలో లేదా అక్కా' అంటే ఆమె చేయగలిగిందల్లా డాక్టరుకి ఫోన్ చేయడమే. ఒక్కోసారి ఆయన ఎత్తుతాడు.

బ్యాచ్ నంబరు

అమ్మకాలు తగ్గాయి. పక్క వీధిలో అద్దె సర్టిఫికెట్ షాపు కిటకిటలాడింది. "నలభై ఏండ్ల సంది ఇస్తున్న, ఎవడు సచ్చిండు?" అని మామ అన్నం దగ్గర సణిగేవాడు. కోడలు జవాబు చెప్పేది కాదు.

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉందని తేలింది. ఫలానా బ్యాచ్ సీసాలుంటే వాడొద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు కూడా హెచ్చరిక జారీచేశారు. ఆ రాత్రి టీవీ చూసి మామకి నోట మాట రాలేదు. తన మనవడికీ అదే వయసు.

కోడలు బిల్లు పుస్తకాలు ముందేసుకుంది. ప్రతి బిల్లు మీదా మందు పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు, గడువు తేదీ. తమ షాపుకి ఆ సిరప్ అసలు రాలేదని అరగంటలో తేలిపోయింది. వచ్చుంటే ఏ ఇంటికెళ్లిందో కూడా అంతే సమయంలో తెలిసేది. పక్క వీధి షాపాయన మాత్రం తెల్లారిందాకా ఒక్కో సీసా తిప్పి చూసుకుంటూ కూర్చున్నాడు. అంతకుముందు ఎవరికేం అమ్మాడో చెప్పడానికి ఆయన దగ్గర కాగితం లేదు.

ఆ తర్వాత రెండు నెలలకి కోడలు తమ్ముడి పెళ్లికని మూడు రోజులు పుట్టింటికెళ్లింది. పాత రోజుల్లో అయితే మామే తెల్లారి షాపు తెరిచి ఎడాపెడా అమ్మేవాడు. ఈసారి ఓ అట్ట మీద పెద్దక్షరాలతో రాసి కౌంటరుకి కట్టాడు... 'మా ఫార్మసిస్టు ఊళ్లో లేరు. చీటీ మందులు ఇవ్వబడవు.' మూడు రోజులూ దూది, డైపర్లు, సబ్బులు అమ్ముతూ కూర్చున్నాడు. మూడోరోజు సాయంత్రం ఎవరో చీటీ పట్టుకొచ్చి, "నువ్వే ఇయ్యరాదే పెద్దమనిషీ, నీకు తెల్వని మందా?" అన్నారు.

"తెలుసు గని, రేపు పొద్దుటి బస్సుకు వస్తది నా కోడలు. అంత తొందరయితే దవాఖాన కాడ ఇంకో షాపుంది, ఆడ ఫార్మసిస్టు ఉంటడు. పో" అంటూ చీటీ తిరిగిచ్చేశాడు.